పాత స్కాన్‌ను పారేస్తే కొత్త స్కాన్ ఏం చెబుతుంది?

మెదడులో కణితికి ఆపరేషన్ అయి, కుట్లు విప్పి, మనిషి ఇంటికొచ్చాడంటే గండం గడిచిందని ఇంటిల్లిపాదీ ఊపిరి పీల్చుకుంటారు. ప్రభుత్వ బీమా లెక్కల్లోనూ ఆ కేసు దాదాపు అక్కడితో ముగుస్తుంది. ఆలిగోడెండ్రోగ్లియోమా వంటి అరుదైన కణితి ఉన్నవాళ్లకు మాత్రం ఆ తర్వాత పదేళ్లో, పదిహేనేళ్లో, అంతకుమించో సాగే మరో వైద్యం ఉంటుంది: నెలల ఎడంతో ఎమ్మారై తీయించుకోవడం, దాన్ని వెనకటి వాటితో పోల్చి చూడటం. ఈ పోల్చి చూడటాన్ని మన ఆస్పత్రులూ, మన ప్రభుత్వాలూ వైద్యంలో భాగంగా లెక్కలోకి తీసుకోవడం లేదన్నది నా ఫిర్యాదు. ఎమ్మారై యంత్రాలు జిల్లా కేంద్రాల దాకా వచ్చాయి. తీసిన బొమ్మలను భద్రపరిచే బాధ్యత మాత్రం ఇప్పటికీ రోగి ఇంటి బీరువాదే.

ముందు జబ్బు సంగతి. మెదడులో నరాల తీగలకు తొడుగులా ఉండే మైలిన్‌ను తయారుచేసే కణాలు ఆలిగోడెండ్రోసైట్లు. మైక్రోస్కోపు కింద వాటిని పోలిన కణాలతో కనిపించే కణితి ఇది. 1929లో పెర్సివల్ బెయిలీ, పాల్ బ్యూసీ అనే అమెరికన్ వైద్యులు దీన్ని విడిగా, వివరంగా వర్ణించారు. ఏడాదికి లక్ష మందిలో ఒకరికి కూడా రానంత అరుదు. ఎక్కువగా ముప్పై, నలభైల వయసులో, పిల్లల చదువులూ ఇంటి అప్పులూ నెత్తిన ఉన్న రోజుల్లోనే వస్తుంది. చాలామందిలో మొదట కనిపించేది ఫిట్స్. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021 వర్గీకరణ ప్రకారం ఐడీహెచ్ జన్యువులో మార్పు ఉండాలి, 1పీ, 19క్యూ అనే రెండు క్రోమోజోమ్ భాగాలు కలిసి లోపించాలి. అప్పుడే ఆ పేరు పెడతారు. పెద్దవాళ్లలో మెదడు లోపలికి పాకే గ్లియోమా కణితులన్నిటిలోకీ కాస్త మంచి జాతకం ఉన్నది ఇదే. నెమ్మదిగా పెరుగుతుంది, మందులకు లొంగుతుంది, దీనితో పదిహేనేళ్లు దాటి బతికేవారు తక్కువేం కాదు. అయితే పూర్తిగా వదిలిపోవడం అరుదు. దీని కణాలు చుట్టూ ఉన్న మంచి మెదడులోకి చొచ్చుకుపోయి ఉంటాయి. అందుకే ఎంత నేర్పున్న సర్జన్ అయినా ‘మొత్తం తీసేశాం’ అంటే, స్కాన్‌లో కనిపించినంత మేరకు తీసేశామని మాత్రమే అనుకోవాలి.

మిగిలినది ఎంత వేగంగా పెరుగుతుందో పద్ధతిగా కొలిచినవారిలో ఫ్రెంచి న్యూరోసర్జన్ ఇమాన్యుయెల్ మాండొనే బృందం ముఖ్యమైనది. చికిత్స మొదలుపెట్టని 27 మంది రోగుల వరుస ఎమ్మారైలను ముందేసుకుని 2003లో వారు తేల్చిందేమిటంటే, ఈ తరహా కణితి సగటు వ్యాసం ఏడాదికి సుమారు 4 మిల్లీమీటర్లు పెరుగుతుంది, అదీ ఎక్కడా ఆగకుండా. ఏడాదికి నాలుగంటే ఆర్నెల్లకు రెండు. మన స్కానింగ్ సెంటర్లలో మామూలుగా తీసే ఎమ్మారైలో ఒక్కో పొర మందమే 5 మిల్లీమీటర్ల దాకా ఉంటుంది. రోగి తల ఈసారి కొద్దిగా పక్కకు ఒరిగినా కొలతలో అంత తేడా వచ్చేస్తుంది. కాబట్టి ఆర్నెల్ల కిందటి బొమ్మనూ ఇవాళ్టి బొమ్మనూ పక్కపక్కన పెట్టి చూసిన రేడియాలజిస్టు ‘చెప్పుకోదగ్గ మార్పు లేదు’ అని రాస్తే ఆయనను తప్పుపట్టలేం. వచ్చే ఆర్నెల్లకూ అదే రాస్తారు, ఆ తర్వాతా అదే. అయిదేళ్లలో పది రిపోర్టులు, పదింటిలోనూ మార్పు లేదనే. ఈలోగా 3 సెంటీమీటర్ల కణితి 5 సెంటీమీటర్లయింది. గోళంగా లెక్క కడితే 14 ఘనపు సెంటీమీటర్లున్నది 65 అయింది, అంటే నాలుగున్నర రెట్లు. విడివిడిగా ప్రతి రిపోర్టూ నిజమే చెప్పింది, అన్నీ కలిసి అబద్ధం చెప్పాయి. ఏటా దుక్కిలో ఒక్క సాలు చొప్పున గట్టును మింగే పొరుగు రైతు సంగతి పల్లెల్లో తెలియనిదెవరికి? నిరుటి గట్టుతో పోలిస్తే జరిగినట్టే ఉండదు. సర్వే రాయి ఎక్కడుందో చూస్తేనే పోయిన నేల ఎంతో తేలుతుంది. ఈ జబ్బులో ఆపరేషన్ అయ్యాక తీసిన మొదటి ఎమ్మారైదే ఆ పాత్ర.

ఆ మొదటి ఎమ్మారైని 48 నుంచి 72 గంటల్లోపే తీయాలంటారు నిపుణులు. ఆలస్యమైతే కోత తాలూకు మార్పులు మిగిలిన కణితితో కలగలిసిపోయి ఏది ఏదో తేల్చడం కష్టమవుతుంది. చాలాచోట్ల ఆ గడువులో రక్తస్రావం ఉందో లేదో చూడటానికి సీటీ తీసి సరిపెడుతున్నారు. సీటీలో ఈ కణితిలోని సున్నం పేరుకున్న చోట్లు బాగా కనబడతాయి గానీ, దాని అంచులు సరిగా తెలియవు. ఇంకో చిక్కుంది. ప్రాణాంతకమైన మెదడు కణితులు సాధారణంగా గడోలినియం ఇంజెక్షన్ ఇవ్వగానే బొమ్మలో తెల్లగా వెలుగుతాయి. నెమ్మదిగా పెరిగే రెండో గ్రేడు ఆలిగోడెండ్రోగ్లియోమా తరచుగా వెలగదు, వెలిగినా కొద్దిగానే. అది ఎంతమేరకు పరుచుకుందో తెలిసేది ఫ్లెయిర్ అనే మరో రకం బొమ్మలో. 2015లో నిపుణులు బ్రెయిన్ ట్యూమర్ స్కాన్‌కు ఒక ఉమ్మడి పద్ధతి రాసిపెట్టారు. ఇంజెక్షన్‌కు ముందూ తర్వాతా తీసే బొమ్మలు ఒకటి, ఒకటిన్నర మిల్లీమీటర్ల పొరలతో ఉండాలి, ఫ్లెయిర్ పొరల మందం నాలుగు మిల్లీమీటర్లకు మించకూడదు. దీనికి కొత్త యంత్రం కొనక్కర్లేదు, 1.5 టెస్లా యంత్రం చాలు. కావలసిందల్లా ఈసారీ, పైసారీ, పదేళ్ల తర్వాతా ఒకే తీరుగా తీయాలన్న పట్టుదల. యంత్రాలు కొన్న వేడుకలకు పత్రికల్లో ఫొటోలు పడతాయి గానీ, ఇలాంటి కట్టుబాటుకు రిబ్బన్ కత్తిరించే వీలు లేదు. మన దగ్గర ఇది ఊపందుకోకపోవడానికి అది కూడా ఒక కారణమేమో.

ఇప్పుడు మన రోగి నడిచే దారి చూడండి. శ్రీకాకుళం మనిషి విశాఖలో స్కాన్ తీయించుకుని హైదరాబాద్‌లో ఆపరేషన్ చేయించుకుంటాడు. చిత్తూరు వైపువాళ్లు వేలూరు సీఎంసీకి, అనంతపురం వైపువాళ్లు బెంగళూరు నిమ్హాన్స్‌కు పోవడం తరాలుగా ఉన్నదే. ఆ తర్వాతి స్కాన్లు ఎక్కడ రేటు తక్కువైతే అక్కడ, ఎక్కడ తేదీ ముందు దొరికితే అక్కడ. ప్రతిచోటా చేతికిచ్చేది పెద్ద కవరులో ఫిల్ములు, ఒక పేజీ రిపోర్టు, అడిగితే సీడీ. ఫిల్ము మీద ముద్రించేది ఎంపిక చేసిన బొమ్మలను కుదించి. దాని మీద స్కేలు పెట్టి 2 మిల్లీమీటర్లు కొలవడం అయ్యే పని కాదు. సీడీలో అసలు బొమ్మలుంటాయి, కానీ గీతలు పడితే తెరుచుకోదు, కొత్త కంప్యూటర్లలో సీడీ పెట్టే చోటే లేదు. ఆస్పత్రి దగ్గరే ఉంటాయి కదా అనుకుందామా అంటే, వైద్యుల వృత్తి నియమావళిగా అమల్లో ఉన్న 2002 నాటి భారత వైద్య మండలి నిబంధనలు ఇన్‌పేషెంటు రికార్డును చికిత్స మొదలైన నాటి నుంచి మూడేళ్లు దాచమంటున్నాయి. అడిగితే 72 గంటల్లో ఇవ్వాలన్న మంచి నియమం కూడా అందులోనే ఉంది, కానీ మూడేళ్ల తర్వాత ఇవ్వడానికి ఏముంటుంది? ఔట్‌పేషెంటుగా వచ్చి తీయించుకున్న స్కాన్ ఊసు ఆ నియమంలో లేనే లేదు. ఆరోగ్యంగా ఉన్నవాడికి కాలు విరిగి అతుక్కున్న కేసుకైతే మూడేళ్లు చాలు. పదిహేనేళ్ల జబ్బుకు మూడేళ్ల జ్ఞాపకం ఏమూలకు?

‘పెరిగిందని ముందే తెలిస్తే మాత్రం చేసేదేముంది, ఫిట్స్ ఎక్కువైనప్పుడో చెయ్యి పడిపోయినప్పుడో చూసుకోవచ్చు కదా’ అనే వాదన వైద్యుల్లోనూ వినిపిస్తుంది. దీన్ని తేలిగ్గా తీసిపారేయలేం. యూరప్‌లో 1986 నుంచి 1997 దాకా రోగులను చేర్చుకుని నడిపిన ఈఓఆర్‌టీసీ 22845 అనే పరిశోధనలో, నెమ్మదిగా పెరిగే గ్లియోమా ఉన్నవారికి ఆపరేషన్ కాగానే రేడియేషన్ ఇస్తే కణితి మళ్లీ విజృంభించడానికి మధ్యస్థంగా 5.3 ఏళ్లు పట్టింది, ఇవ్వకుండా ఆగితే 3.4 ఏళ్లు. మొత్తం ఆయుష్షు మాత్రం ఇంచుమించు ఒకటే: 7.4 ఏళ్లు, 7.2 ఏళ్లు. అంటే రేడియేషన్ పెట్టించుకోవడం వాయిదా వేయవచ్చు. ఆ వాయిదా చిన్న లాభమేం కాదు, ఎందుకంటే మెదడుకు రేడియేషన్ పడితే ఏళ్లు గడిచాక జ్ఞాపకశక్తి, ఏకాగ్రత దెబ్బతినే ప్రమాదముంది. అయితే ఆ పరిశోధనలో ఆగినవాళ్లను కళ్లు మూసుకుని వదిలేయలేదు, వరుసగా స్కాన్లు తీస్తూ కాపు కాశారు. రేడియేషన్ అవసరమైనప్పుడు దానికి పీసీవీ అనే కీమోను కలిపితే ఏమవుతుందో అమెరికాలో ఆర్‌టీఓజీ 9802 పరిశోధన చూపింది. ముప్పు ఎక్కువున్న రోగుల్లో మధ్యస్థ ఆయుష్షు రేడియేషన్ ఒక్కటైతే 7.8 ఏళ్లు, రెండూ కలిస్తే 13.3 ఏళ్లు. 2016లో వచ్చిన ఫలితమిది. ఈ రెండు పరిశోధనలనూ కలిపి చదివితే, ఎప్పుడు మొదలుపెట్టాలన్నదే ఈ వైద్యంలో కీలకమని తెలుస్తుంది. ఆ ‘ఎప్పుడు’కు జవాబు రోగి లక్షణాల్లో కొంత, స్కాన్ల వరుసలో ఎక్కువ ఉంటుంది.

ఈమధ్య వచ్చిన మందు ఈ సంగతిని ఇంకా స్పష్టం చేసింది. ఐడీహెచ్ మార్పు ఉన్న రెండో గ్రేడు కణితులకు వొరాసిడెనిబ్ అనే మాత్రను 331 మంది మీద పరీక్షించి 2023లో ఫలితాలు ప్రకటించారు. వీళ్లంతా ఆపరేషన్ అయి, ఇంకా రేడియేషన్‌గానీ కీమోగానీ తీసుకోకుండా కనిపెట్టుకుని ఉన్నవాళ్లు. మాత్ర వేసుకున్నవారిలో జబ్బు ముదరకుండా ఉన్న కాలం 27.7 నెలలు, ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవారిలో 11.1 నెలలు. 2024 ఆగస్టులో అమెరికా ఎఫ్‌డీఏ అనుమతి ఇచ్చింది. నా వాదనకు పనికొచ్చేది ఆ పరిశోధనలోనే ఉన్న మరో అంకె. ఉత్తుత్తి మాత్ర తీసుకున్నవారి కణితి పరిమాణం ప్రతి ఆర్నెల్లకూ సగటున 14 శాతం దాకా పెరిగింది. మాత్ర తీసుకున్నవారిలో కాస్త తగ్గింది. 14 శాతమంటే ఎక్కువగానే వినబడుతుంది, కానీ 4 సెంటీమీటర్ల కణితి వ్యాసంలో అది 2 మిల్లీమీటర్లకు లోపే. మందు పనిచేస్తోందా లేదా అన్నది ఆ 2 మిల్లీమీటర్లలో ఉంది. ఒకే తీరుగా తీసిన బొమ్మలు వరుసగా ఉన్నాయి కాబట్టి వాళ్లు కొలవగలిగారు. ఈ మందు రేపు మన దగ్గర అందుబాటు ధరకు దొరికినా, ఎవరికి మొదలుపెట్టాలో, ఎవరికి ఆపాలో చెప్పగల స్కాన్ల వరుస మన రోగుల్లో ఎంతమంది దగ్గరుంది?

కనిపెట్టుకుని ఉండటమంటే అసలు ఆపరేషనే వద్దనడమని కొందరు పొరబడతారు. నార్వేలో రెండు ఆస్పత్రులు ఇలాంటి కణితుల విషయంలో రెండు దారులు పట్టాయి. ఒకటి చిన్న ముక్క తీసి పరీక్ష చేసి వేచి చూసేది, రెండోది వీలైనంత త్వరగా కణితిని తీసేసేది. 2012లో ఫలితాలు పోలిస్తే తీసేసిన చోటి రోగులే ఎక్కువ కాలం బతికారు. కాబట్టి నేననే నిఘా సర్జరీ తర్వాతి మాట.

ఇక అసలైన అభ్యంతరం. క్రమం తప్పని స్కాన్ల వల్ల గ్లియోమా రోగుల ఆయుష్షు పెరుగుతుందని రుజువుందా? వైద్య పరిశోధనలను జల్లెడపట్టే కాక్రేన్ సంస్థ సమీక్షకులు 2019లో ఇదే ప్రశ్న వేసుకుని వెతికితే, లెక్కకు ఆనే ఆధారం దాదాపు దొరకలేదు. మూడు నెలలకా, ఆరు నెలలకా, ఏడాదికా అన్నది నిపుణుల ఏకాభిప్రాయమే తప్ప పరీక్షించి తేల్చింది కాదు. మొదటి అయిదేళ్లు మూడు నుంచి ఆరు నెలలకోసారి, ఆ తర్వాత ఆరు నెలలకో ఏడాదికో అని మార్గదర్శకాలు చెప్పే మాట వెనుక ఉన్నది అనుభవమే. ఈ బలహీనతను ఒప్పుకోవాల్సిందే. కానీ దాని నుంచి తేలేదేమిటి? స్కాన్లు మానేయమని కాదు, ఇష్టారాజ్యంగా పెంచమనీ కాదు. తీసే ప్రతి స్కానూ పోల్చదగినదిగా ఉండాలి, లేకపోతే తీయడమే దండగ. పాత బొమ్మలు దగ్గరలేని రేడియాలజిస్టు అనుమానంతో ‘రెండు నెలల్లో మళ్లీ తీయించండి’ అని రాస్తాడు. పూర్తి వరుస ఉన్నవాడు ధైర్యంగా ‘ఏడాది ఆగవచ్చు’ అనగలడు. అంటే పాతవి భద్రపరిస్తే స్కాన్ల సంఖ్య తగ్గుతుందే గానీ పెరగదు. స్కానింగ్ సెంటర్ల వ్యాపారానికి ఇది రుచించకపోవచ్చు.

పోల్చడంలోనూ మోసాలున్నాయి. రేడియేషన్ ముగిసిన మొదటి మూడు నెలల్లో ఆ చోటు వాచి, ఇంజెక్షన్‌కు వెలిగి, అచ్చం కణితి పెరిగినట్టే కనబడి, ఏ చికిత్సా మార్చకుండానే తగ్గిపోవచ్చు. అందుకే చికిత్సకు కణితి ఎలా స్పందించిందో తేల్చే 2010 నాటి రానో ప్రమాణాలు మొదటి 12 వారాల్లో రేడియేషన్ పడిన ప్రదేశంలో వచ్చిన మార్పును చూసి జబ్బు ముదిరిందని తొందరపడొద్దన్నాయి. ఈ జాగ్రత్త పాటించాలంటే రేడియేషన్ ఎప్పుడు, ఎక్కడ, ఎంత ఇచ్చారో బొమ్మ చదివేవాడికి తెలియాలి. కొత్త ఊళ్లో కొత్త సెంటర్‌కు వెళ్లిన రోగి చేతిలో ఆ కాగితం లేకపోతే లేని ముప్పును చూసి మందు మార్చేసే ప్రమాదముంది.

స్కాన్ తేదీ దగ్గరపడుతుంటే నిద్ర పట్టని రోగులుంటారు, ఆ భయం నిజమైనదే. అర్థంకాని రిపోర్టు, అది చేతికొచ్చాక డాక్టరు అపాయింట్‌మెంట్ కోసం పది రోజుల ఎదురుచూపు ఆ భయాన్ని పెంచుతాయి. ఆ రెండింటినీ సరిచేయవచ్చు. రోగి కోరితే, జబ్బు నిలకడగా ఉంటే, ఎడం పెంచవచ్చు కూడా. ఎక్స్-కిరణాల భయం ఎమ్మారైకి వర్తించదు, అందులో వాడేది అయస్కాంతమూ రేడియో తరంగాలే. ఇంజెక్షన్ విషయంలో మాత్రం జాగ్రత్త అవసరం. గడోలినియం కొద్దిగా మెదడులో పేరుకుంటుందని 2014లో జపాన్ వైద్యులు చూపాక, ఎక్కువగా పేరుకునే పాతరకం మందుల్లో చాలావాటిని 2017లో యూరప్ పక్కన పెట్టింది. మూత్రపిండాలు బాగా దెబ్బతిన్నవారికి పాతరకంతో ఇంకో పెద్ద ప్రమాదముంది. కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న ఉద్దానం లాంటి చోట్ల నుంచి వచ్చే రోగికి, కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ చూడకుండా ఇంజెక్షన్ ఇవ్వకూడదు. వెలగని కణితికి ప్రతిసారీ ఇంజెక్షన్ కావాలా అని డాక్టర్‌ను అడగడంలో తప్పు లేదు.

చివరిది డబ్బు. ఏడాదికి రెండు చొప్పున పదేళ్లకు ఇరవై ఎమ్మారైలు. ప్రైవేటులో ఒక్కోటీ వేలల్లో మాట, పైగా ప్రయాణం, తోడు వచ్చినవాళ్ల కూలి నష్టం. 2018లో మొదలైన కేంద్ర పథకం ఆయుష్మాన్ భారత్ ఆస్పత్రి నుంచి పంపాక 15 రోజుల ఖర్చు వరకే చూస్తుంది. ఆరోగ్యశ్రీలో ఎంపిక చేసిన చికిత్సలకు ఫాలోఅప్ ప్యాకేజీలున్నాయి, వాటి కాలం ఒక ఏడాది. 2023 చివర్లో తెలంగాణ పరిమితిని 10 లక్షలకు పెంచింది. మంచిదే. కానీ ఆస్పత్రిలో చేరి చికిత్స చేయించుకునేవాళ్లకే ఆ పది లక్షలు. నాలుగో ఏట ఔట్‌పేషెంటుగా తీయించుకోవాల్సిన స్కాన్ రోగి జేబు మీదే పడుతుంది. దాంతో కూలి కుటుంబం స్కాన్ మానేస్తుంది, చెయ్యి పడిపోయాక వస్తుంది, అప్పుడు అదే ఆరోగ్యశ్రీ ట్రస్టు మరింత పెద్ద ఆపరేషన్‌కు డబ్బు కడుతుంది. అరుదైన జబ్బులకు ఇంత ఖర్చెందుకని ఆర్థిక శాఖ అడగవచ్చు. అరుదు కాబట్టే ఖర్చు తక్కువ. ఈ కణితి ఉన్నవాళ్లు రెండు తెలుగు రాష్ట్రాల్లో కలిపినా బడ్జెట్‌ను కదిలించే సంఖ్యలో ఉండరు. బొమ్మలు దాచడానికి అయ్యేది ఇంకా తక్కువ, ఒక మెదడు ఎమ్మారై మొత్తం సెల్‌ఫోన్‌లో ఒక సినిమా పట్టేంత చోటు కూడా తినదు. 2021లో దేశమంతటా మొదలైన ఆరోగ్య రికార్డుల డిజిటల్ మిషన్‌లో 14 అంకెల ఆభా నంబరు ఇచ్చారు. ఆచరణలో అందులో చేరేవి ఎక్కువగా రిపోర్టులూ మందుల చీటీలే. అసలు బొమ్మలు చేరనంతకాలం ఈ రోగులకు ఆ నంబరు వల్ల ఒరిగేది తక్కువ. వ్యక్తిగత వివరాలు బయటికి పొక్కుతాయన్న భయం న్యాయమైనదే, కానీ రోగి అనుమతి ఉంటేనే తెరుచుకునే ఏర్పాటు ఆ మిషన్‌లో ఇప్పటికే ఉంది.

రెండు ప్రభుత్వాలూ చేయాల్సినవి రెండు పనులు. మెదడు కణితి ఆపరేషన్‌కు ప్యాకేజీ ఇచ్చేటప్పుడే ఆపరేషన్ అయిన మూడు రోజుల్లోపు ఎమ్మారైనీ, తర్వాతి అయిదేళ్ల స్కాన్లనూ అందులో కలపాలి. ఒకే పద్ధతిలో తీసి, అసలు బొమ్మలను రోగి ఖాతాలో చేర్చిన సెంటర్‌కే బిల్లు చెల్లించాలి. అవి జరిగేలోగా రోగులకూ వారి ఇంటివారికీ ఒక్క మాట. ఆపరేషన్‌కు ముందు తీసిన ఎమ్మారై, తర్వాత తీసిన మొదటి ఎమ్మారై, ఈ రెండింటినీ డైకామ్ (అసలు బొమ్మల డిజిటల్) రూపంలో అడిగి తీసుకోండి. ఒక నకలు పెన్‌డ్రైవ్‌లో, ఇంకోటి మరోచోట ఉంచండి. పైసారి స్కాన్‌కు వెళ్లినప్పుడు నిరుటి బొమ్మతో పాటు ఆ మొదటి బొమ్మతో కూడా పోల్చి రాయమని రేడియాలజిస్టును అడగండి. ఆపరేషన్ అయి రెండేళ్లు దాటి, ఆ బొమ్మలు ఇంకా మీ చేతికి రాకపోతే ఈ వారంలోనే ఆస్పత్రికి అర్జీ పెట్టండి. మూడేళ్లు నిండాక వాటిని దాచి ఉంచాల్సిన నిబంధన వారికి లేదు.